కొరికింది ఎవరో గాయమే చెబుతుంది

ప్రశ్న: అన్నగారూ, మాది రాజమండ్రి. ఏడాదిన్నర కిందట అరచేయంత సైజులో రెండు మోటోరో స్టింగ్‌రేలు (పళ్లెంలా పల్చగా ఉండి, తోకకి ముల్లుండే చేపలు) కొన్నాను. ట్యాంకు 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. కింద రంగు రాళ్లు పరిచాను. మొదటి నుంచీ అందులో ఒక సక్కర్ ఫిష్ కూడా ఉంది. ఇప్పుడు పెద్ద రే అడుగు దాటింది, చిన్నది 10 అంగుళాలుంటుంది. పది రోజులుగా రెండూ తెగ కొట్టుకుంటున్నాయి. చిన్నదే పెద్దదాని వెంటపడి అంచులు కొరుకుతోంది. పెద్దదానికి వెనకవైపు అంచంతా చిరుగులు పడ్డాయి, వీపు మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చలు మూడున్నాయి. అర కిలో కల్లుప్పు వేశాను, షాపులో ఇచ్చిన నీలం మందు కూడా వేశాను. తగ్గలేదు. మూడు రోజులుగా తిండి ముట్టడం లేదు. భీమవరంలో చెరువులున్న మా మామయ్యగారు కొంచెం మైలుతుత్తం కలపమంటున్నారు. మా పాపకి ఏడేళ్లు, రోజూ ట్యాంకు ముందు కూర్చుని ఏడుస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ మందు వేయాలి? ఫోటోలు జత చేశాను.

జవాబు: తమ్ముడూ, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. మైలుతుత్తం మాత్రం వేయకండి. ఇప్పటికే తెచ్చి ఉంటే ట్యాంకు దగ్గర కూడా పెట్టకండి. మామయ్యగారిని తప్పు పట్టడం లేదు. చెరువులో నాచు ముదిరినప్పుడు ఆయన దాన్ని లెక్క ప్రకారం వాడే ఉంటారు. ఆయన బొచ్చెలు, శీలావతులు తట్టుకునీ ఉంటాయి. మీ ట్యాంకులో ఉన్నది ఆ జాతి కాదు. సొరచేపల కుటుంబం. మన తీరంలో టేకు చేప, టెంకి అని పిలిచే వాటికి మంచినీటి చుట్టం. పొలుసు లేని ఒళ్లు, ఎముక లేని అస్థిపంజరం. మైలుతుత్తం అంటే రాగి, వీటికి రాగి విషం. మామూలు చేపకి మందయ్యే మోతాదే వీటి ప్రాణం తీస్తుంది.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఏళ్ల కిందట నా ట్యాంకులో రేతో పాటు ఉన్న వేరే చేపలకి తెల్లచుక్కల జబ్బు వచ్చింది. ఒక షాపతను సీసా ఇచ్చి, పది లీటర్లకి ఇన్ని చుక్కలు అని చెప్పాడు. నేను సీసా మీద ఏం రాసుందో చదవలేదు. చుక్కల జబ్బు తగ్గింది, తెల్లారేసరికి రే పోయింది. సీసా వెనక్కి తిప్పి చూస్తే అందులో ఉన్నది రాగే. అప్పటి నుంచి మందు ముందు చేతిలోకి కాదు, కళ్లద్దాల ముందుకి వస్తుంది.

ఇక అసలు విషయం. మీరు "కొట్టుకుంటున్నాయి" అని రాశారు. మీ ఫోటోలు పెద్దవి చేసి రెండు రాత్రులు చూశాను. నాకు అక్కడ కొట్లాట కనిపించలేదు. వేరే రెండు సంగతులు కనిపించాయి.

మొదటిది. చిన్నదాని ఫోటోలో తోక మొదట్లో రెండు పక్కలా చిటికెన వేళ్లలాంటివి రెండు ఉన్నాయి. అది మగది. పెద్దదానికి అవి లేవు, అది ఆడది. ఈ జాతిలో మగది జత కట్టేటప్పుడు ఆడదాని ఒంటి అంచుని పళ్లతో పట్టుకుంటుంది. దానికి చేతులా, కాళ్లా? పట్టు దొరకాలంటే నోరే గతి. ఈడుకొచ్చిన మగదాని పళ్లు ఆడదాని పళ్లకంటే మొనదేలి ఉండేది కూడా ఇందుకే. అంచు పట్టుకుని, కిందికి తిరిగి, పొట్టకి పొట్ట ఆనించి జత కడుతుంది. ఆడదానికి ఇష్టం లేకపోయినా, ఇంకా ఈడు రాకపోయినా మగది వదలదు. విశాలమైన నదిలో అయితే ఆడది ఇసకలో దాక్కుంటుంది, లేదా దూరంగా వెళ్లిపోతుంది. మీ ట్యాంకు వెడల్పు 2 అడుగులు, చేప వెడల్పే అడుగు దాటింది. ఎటు పోతుంది పాపం? వెనక అంచు మీద అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న చిరుగులన్నీ మగదాని పనే.

రెండోది వీపు మీది గుండ్రటి మచ్చలు. ఇవి కాటు కాదు. కాటుకి గీతలుంటాయి, చిరుగుంటుంది. ఇవి గరిటెతో గోకినట్టు పైపొర లేచి, నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. మీ ట్యాంకులో అలాంటి నోరున్నది ఒక్కటే, మీరు ఉత్తరంలో సగం వాక్యంలో చెప్పి వదిలేసిన సక్కర్ ఫిష్. అద్దం మీద నాచు గీకి తినే నోరు అది. రే ఒంటి మీద దళసరి జిగురుపొర ఉంటుంది. ఒకసారి దాని రుచి మరిగిందా, రాత్రి దీపం ఆర్పగానే వచ్చి వీపు మీద అతుక్కుంటుంది. పగలు మీరు చూసినప్పుడు ఏమీ ఎరగనట్టు మూల నక్కి ఉంటుంది. అర్ధరాత్రి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి, దొంగ దొరుకుతుంది.

ట్యాంకులో హీటర్ ఉందో లేదో మీరు రాయలేదు. రాజమండ్రిలో ఈ ఎండల్లో అవసరం లేదు కానీ, చలికాలంలో పెట్టి తీయకుండా వదిలేసేవాళ్లు చాలామంది. రేలు వెచ్చగా ఉందని హీటర్ మీద వాలి కాలబెట్టుకుంటాయి. ఆ మచ్చ గుండ్రంగా ఉండదు, కర్రతో వాత పెట్టినట్టు పొడుగ్గా ఉంటుంది. మీ ఫోటోల్లో అది లేదు. అయినా హీటరుంటే తీసేయండి, మళ్లీ పెట్టేటప్పుడు చుట్టూ ప్లాస్టిక్ జాలీ గొట్టం తొడగండి.

కాబట్టి ఏ మందు వేయాలన్నది మీ మొదటి ప్రశ్న కాకూడదు. గాయం చేసేవాళ్లు పక్కనే ఉండగా మందేం చేస్తుంది?

ఈ రోజే సక్కర్ ఫిష్‌ని బయటికి తీయండి. బక్కెట్టులోనైనా, వేరే తొట్టిలోనైనా ఉంచి, షాపుకి తిరిగి ఇచ్చేయండి. గోదావరిలోనో కాలువలోనో మాత్రం వదలకండి. ఇవి ఇప్పటికే మన చెరువుల్లో చేరి వలలు చింపుతూ రైతుల్ని ఏడిపిస్తున్నాయి. దెయ్యం చేప అని పేరు పెట్టింది ఊరికే కాదు. మామయ్యగారిని అడగండి, నాకంటే ఘాటుగా చెబుతారు.

తర్వాత మగదాన్ని వేరు చేయాలి. ఇక్కడ చాలామంది దెబ్బ తగిలినదాన్ని తీసి ఆస్పత్రి తొట్టిలో వేస్తారు. నేను దానికి ఒప్పుకోను. ఇప్పటికే భయపడి తిండి మానేసిన ప్రాణిని పట్టి, ఎత్తి, కొత్త నీళ్లలో వేస్తే గోరుచుట్టు మీద రోకటి పోటు. అలవాటైన నీళ్లలో ఆడదాన్నే ఉండనివ్వండి. ఒంట్లో శక్తి ఉన్న మగది మారుతుంది. కాకినాడ, ఉప్పాడ వైపు రొయ్యల హేచరీల్లో వాడే గుండ్రటి ఫైబర్ తొట్టి, 300 నుంచి 500 లీటర్లది, పాతది దొరికితే చాలు. సబ్బు, బ్లీచింగ్ వాసన లేకుండా బాగా కడిగి వాడండి. కొత్త సిమెంట్ తొట్టి వద్దు, సున్నం దిగి నీళ్లు చెడతాయి. మీ ట్యాంకులో నడుస్తున్న ఫిల్టర్‌లోంచి సగం స్పాంజ్ తీసి తొట్టిలో ఫిల్టర్‌కి పెట్టండి, అందులోని మంచి బ్యాక్టీరియాతో సహా వెళ్తుంది. పైన వల కప్పండి. రే గోడ ఎక్కగలదు, దూకగలదు కూడా.

తొట్టి దొరికేదాకా ట్యాంకు మధ్యలో అడ్డు పెట్టండి. ట్యూబ్‌లైట్ల కింద సీలింగుకి వాడే గళ్ల ప్లాస్టిక్ షీటు కోసి బిగిస్తే నీళ్లు ఆడతాయి, చేప దాటదు. కింద సందు ఉండకూడదు. ఒళ్లు పల్చన చేసుకుని దూరిపోతుంది, ఆ కంత చూసి మీరే నమ్మలేరు.

పట్టేటప్పుడు వల వాడకండి. తోక ముల్లు వలలో చిక్కుకుని అది గింజుకుంటుంది, ముల్లు విరుగుతుంది, వల విడదీయబోయిన మీ చేతికి గుచ్చుకుంటుంది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు నీళ్లలోనే ముంచి, ఇంకొకరు అట్టలాంటిదానితో మెల్లగా అదిలిస్తే రే దానంతటదే లోపలికి వస్తుంది. నీళ్లతో సహా ఎత్తండి. ఇద్దరు మనుషులు కావాలి, పాప ఆ గదిలో ఉండకూడదు. ముల్లు కత్తిరించేస్తే గొడవ వదులుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది మళ్లీ మొలుస్తుంది. ఈలోగా కోసిన చోట చీము పడితే మీకు ఇంకో జబ్బు తయారు.

ఇప్పుడు నీళ్లు. తిండి మానేయడానికి గాయాలకంటే నీళ్లే కారణమని నా అనుమానం. మీరు వేసిన నీలం మందు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది. అది వేసిన చోట ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బ తింటుంది. ఆ బ్యాక్టీరియానే కదా చేప విసర్జించే అమ్మోనియాని తినేది. అది పోతే అమ్మోనియా పెరుగుతుంది. అమ్మోనియా తగిలిన చర్మం మానదు, పైగా కొత్తగా ఎర్రబడుతుంది. మీ నీళ్లు బోరువైతే ఇంకో చిక్కుంది. బోరు నీళ్లలో పీహెచ్ సాధారణంగా ఎక్కువ. పీహెచ్ ఎక్కువున్న కొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. వేడి పెరిగినా అంతే.

అమ్మోనియా ఎంతుందో తెలుసుకోవడానికి మీ ఇంట్లోనే మనిషి ఉన్నారు. చెరువుల వాళ్ల దగ్గర అమ్మోనియా చూసే చుక్కల కిట్ ఉంటుంది. మామయ్యగారిని మైలుతుత్తం బదులు అది పంపమనండి. మంచినీటికి పనికొచ్చే కిట్టా కాదా అని ఒక్కసారి అడగండి. అమ్మోనియా, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఏ కొంచెం కనిపించినా రోజూ మూడో వంతు నీళ్లు మార్చాలి. కనిపించకపోయినా వారం పాటు రోజూ పావు వంతు మార్చండి, గాయానికి అంతకంటే మంచి మందు నా దగ్గర లేదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది కలిపాకే పోయండి. కొత్త నీళ్లకీ ట్యాంకు నీళ్లకీ వేడిలో ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదు. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు ఎలా కాలుతాయో మీకు చెప్పాలా? తెల్లవారుజామున పట్టి నీడలో ఉంచండి.

నీలం రంగు పోవడానికి ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి. రెండు మూడు రోజుల్లో నీళ్లు తేటబడతాయి.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేపకి ఏమొచ్చినా మనవాళ్ల చెయ్యి ముందు ఉప్పు డబ్బా మీదికే పోతుంది. సముద్రపు టేకు చేప రక్తంలో యూరియాని దాచుకుని సముద్రపు ఉప్పుకి సరితూగుతుంది. ఒంట్లో మిగిలిన ఉప్పుని బయటికి తోసే గ్రంథి కూడా దానికుంది. మీ మోటోరోలు దక్షిణ అమెరికా నదుల జాతి. అమెజాన్, ఒరినోకో, పరానా నదుల్లో కోట్ల ఏళ్లుగా మంచినీళ్లలోనే బతికి, యూరియా దాచుకునే విద్య మర్చిపోయాయి. ఆ గ్రంథి కూడా పనిచేయదు. సముద్రపు చుట్టరికం చూసి ఉప్పు మంచిదనుకుంటే పొరపాటు. మీ ట్యాంకులో నీళ్లు సుమారు 480 లీటర్లు. అర కిలో ఉప్పంటే లీటరుకి గ్రాముకి అటూ ఇటూ. దానివల్ల ప్రమాదం లేదు, నీళ్లు మార్చేకొద్దీ అదే పోతుంది. ఇంకో రెండు కిలోలు వేస్తే తొందరగా మానుతుందేమోనన్న ఆశ మాత్రం వద్దు. పర్మాంగనేట్, ఫార్మలిన్, మలకైట్ గ్రీన్, చెరువుల్లో పురుగుకి కొట్టే మందులు, ఏవీ వద్దు.

మందు వేయకుండా ఎలా ఊరుకునేది అనిపిస్తోంది కదా? సొరలు, రేల జాతికి గాయాలు మాన్పుకునే శక్తి చాలా గొప్పది. సముద్రంలో సొర కరిచిన గాట్లతో మాంటా రేలు హాయిగా ఈదుతూ కనిపిస్తాయి. అంచు మీది చిన్న కాట్లు నీళ్లు బాగుంటే వారం, రెండు వారాల్లో పూడతాయి. లోతైన గాటుకి ఇంకొన్ని వారాలు పడుతుంది. అంచులో ఒక ముక్క ఊడి ఉంటే అక్కడ చిన్న నొక్కు మిగిలిపోవచ్చు, దానికి బాధ లేదు. వీపు మచ్చల మీద మొదట తెల్లటి పల్చని పొర కడుతుంది. అది బూజు అనుకుని కంగారు పడకండి, కొత్త చర్మం. బూజైతే దూదిపింజలా లేచి నీళ్లలో ఊగుతుంది. రంగు, చుక్కలు చివర్లో వస్తాయి, ఒక్కోసారి ఆ చోటు నల్లగా ఉండిపోతుంది.

ఎండిన బాదం ఆకులు వేయొచ్చు. వీధిలో రాలే నాటు బాదం ఆకులే, పురుగుమందు కొట్టని చెట్టువి, కడిగి ఆరేడు వేయండి. నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. వీటి సొంత నదుల్లో చాలాచోట్ల నీళ్లు ఆ రంగులోనే ఉంటాయి. బూజుని కొంత అడ్డుకుంటాయి, చేపకి చీకటిగా ఉండి బెదురు తగ్గుతుంది. ఇది అద్భుతం చేస్తుందని చెప్పను. హాని లేదు, ఖర్చు లేదు.

గాయం మీద నేరుగా అయోడిన్ పూయడం గురించి కొన్ని వీడియోల్లో చూసి ఉంటారు. చేతకానిది కాదు కానీ, రేని నీళ్లలోంచి సగం పైకి తీసి, కళ్ల వెనకుండే ఊపిరి రంధ్రాల్లోకి చుక్క పడకుండా, తోకని ఒకరు అదుపులో పెట్టి చేయాల్సిన పని. మీ చేపకున్న గాయాలకి అంత సాహసం అక్కర్లేదు.

రంగు రాళ్లు తీసేయాలి. వీటికి నేల మీద పాకుతూ, ఇసక కప్పుకుని పడుకోవడం అలవాటు. రాళ్ల మొనలు పొట్ట గీరేస్తాయి. ఫోటోల్లో పొట్ట వైపు లేదు. అద్దం ఎక్కినప్పుడు ఒకసారి చూడండి, గీతలు ఉండే ఉంటాయి. రాళ్లన్నీ ఒకేసారి ఎత్తేయకండి, వాటి మీద కూడా మంచి బ్యాక్టీరియా ఉంటుంది. రోజుకి కాస్త చొప్పున వారంలో తీసి, తర్వాత బాగా కడిగిన సన్నని ఇసక పల్చగా పోయండి.

వేడి గురించి కూడా. వీటికి 26 నుంచి 28 డిగ్రీలు హాయి. రోహిణి కార్తెలో రాజమండ్రిలో ట్యాంకు 32 దాటుతుంది. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, గాయంలో బ్యాక్టీరియా హుషారు ఎక్కువ. మూత తీసి వల కప్పి, నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఎయిర్ పంపు రాళ్లు ఇంకో రెండు వేయండి. ఐసు గడ్డలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే అదో దెబ్బ. కరెంటు పోతే గంటల తరబడి గాలి లేకుండా ఉండలేవు, బ్యాటరీ పంపు ఒకటి కొనిపెట్టుకోండి.

తిండికి వస్తే, రేలు ఎక్కువ రోజులు పస్తులుండలేవు. మామూలు చేపలకంటే త్వరగా చిక్కిపోతాయి. తోక మొదట్లో రెండు పక్కలా ఎముకల్లాంటివి పొడుచుకొస్తే ఒళ్లు తగ్గిపోతోందని గుర్తు. మగది, సక్కరు పోయి, ట్యాంకు చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నాక, రెండో రోజు సాయంత్రం వానపాములు వేసి చూడండి. ఎరువు వేయని మట్టిలోవి, కడిగి, బతికున్నవి. రొయ్య ముట్టని రే కూడా వానపాము కదలిక పసిగట్టి లేస్తుంది. తినడం మొదలెట్టాక పొట్టు తీసిన రొయ్య ముక్కలు, పొలుసు లేకుండా కోసిన చేప కండ మార్చి మార్చి ఇవ్వండి. ఒక్క రొయ్యల మీదే పెంచితే విటమిన్ బి1 లోపం వస్తుంది. చిన్న గోల్డ్ ఫిష్‌లని ఎరగా వేసే అలవాటు ఉంటే మానుకోండి, పరాన్నజీవుల్ని ఇంటికి తెచ్చుకున్నట్టే. పది నిమిషాల్లో తిననిది తీసేయాలి.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా మాత్రం ఇక ఇంటి వైద్యం కట్టిపెట్టండి: తెల్లటి పొట్ట కింద ఎర్రటి చారలు, గాయం రోజురోజుకీ వెడల్పవడం, లోపలి కండ కనిపించడం, గాయం అంచులు బూడిద రంగుకి తిరగడం, వాపు, లేదా ముల్లు గుచ్చుకున్న చిన్న రంధ్రం. ఈ చివరిది మోసం చేస్తుంది. పైకి సూది మొనంత, లోపల లోతెంతో తెలియదు. ఇంకొకటి, ఒంటి అంచులు అప్పడం వేగినప్పుడు లేచినట్టు పైకి ముడుచుకోవడం. అది కనిపించిందంటే ఆ క్షణమే సగం నీళ్లు మార్చి, అప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయండి, మిగతా గుర్తులకైతే ఫోన్ ముందు. అప్పుడు కావాల్సింది యాంటీబయాటిక్ ఇంజెక్షన్. మోతాదు చేప బరువు మీద ఉంటుంది, నీళ్ల మీద కాదు. దాన్ని నిర్ణయించాల్సింది పశువైద్యులు లేదా చేపల వైద్యం చదివినవాళ్లు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివినవాళ్లు మీ జిల్లాల్లో ప్రతి ఆక్వా ఊళ్లోనూ ఉన్నారు. అందరూ రేలు చూసి ఉండరు. కానీ చేప ఒంట్లో ఇన్ఫెక్షన్ ఎలా నడుస్తుందో వాళ్లకి తెలుసు, రే అని ముందే చెప్పండి, రాగి పడదని గుర్తు చేయండి. ఆక్వా షాపులో పొడి కొనుక్కొచ్చి ట్యాంకులో కలిపేస్తే మాత్రం ఫిల్టర్ చచ్చి, కథ మళ్లీ అమ్మోనియా దగ్గరికే వస్తుంది.

డాక్టర్‌కి ఇంకో మాట కూడా చెప్పాలి. మగది పది రోజులుగా వెంటపడుతోంది కాబట్టి ఆడది కడుపుతో ఉండొచ్చు. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. మోటోరోలకి ట్యాంకుల్లో సుమారు మూడు నెలలు పడుతుంది. మందు ఇచ్చేవాళ్లకి ఆ సంగతి తెలియడం మంచిది.

పాప గురించి. ఏడవనివ్వండి, కానీ చెయ్యి ట్యాంకులో పెట్టనివ్వకండి. ఇన్నాళ్లూ చేత్తో తినిపించినా సరే, ఇప్పుడది భయపడి ఉంది. రే కావాలని మనిషి మీదికి రాదు. తొక్కినా, నొక్కినా, మూలకి తోసినా తోక విసురుతుంది. ముల్లుకి రంపంలా పళ్లుంటాయి, దాన్ని కప్పిన చర్మంలో విషం ఉంటుంది. మంచినీటి రేల ముల్లు గుచ్చుకున్న చోట కండ కుళ్లిన సందర్భాలు అమెజాన్ ప్రాంతంలో చాలా ఉన్నాయి. గుచ్చుకుంటే గాయాన్ని కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలకి మించకుండా, ముంచి ఉంచాలి. వేడి ఎంతుందో దెబ్బ తగలని చేత్తో చూడాలి. నొప్పికి ఆ చెయ్యి వేడి తెలుసుకోలేక కాలిపోతుంది. అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి దిగుతుంది. దిగినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ముల్లు ముక్క లోపల విరిగిందేమో ఎక్స్‌రే తీస్తారు, టెటనస్ ఇంజెక్షన్ ఇస్తారు. తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి. మెడ, ఛాతి, పొట్టలో దిగి ఉంటే పీకకుండా అలాగే తీసుకెళ్లాలి.

గాయాలు మానాక మళ్లీ ఇదే ట్యాంకులో కలుపుదామనుకుంటే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. షాపులో అరచేయంత ఉన్నది, ఒంటి వెడల్పే అడుగున్నర, ఆ పైన కూడా పెరుగుతుందని అమ్మేటప్పుడు చెప్పి ఉండరు. పెద్దవయ్యాక ఎత్తు ముఖ్యం కాదు, నేల ముఖ్యం. కనీసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అంత చోటు, ఖర్చు మీకు కుదరకపోతే సిగ్గు పడాల్సిందేమీ లేదు, మగదాన్ని పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇచ్చేయండి. కుదిరితే మగదొక్కటే ఉండి, ఆడవి రెండు మూడు ఉంటే దాని దృష్టి ఒక్కదాని మీదే ఉండదు. రెండు మగవి మాత్రం వద్దు, అప్పుడు మీరు రాసిన కొట్లాట నిజంగానే చూస్తారు. ఆడది పిల్లల్ని కనగానే మగది మళ్లీ తగులుకుంటుంది, కాన్పుకి ముందే వేరు చేయాలి.

దేన్నీ నదిలో వదలాలనుకోరని నాకు తెలుసు, అయినా చెబుతాను. ఇవే మోటోరోలు సింగపూర్‌లో రిజర్వాయర్లలో చేరి అక్కడే పిల్లలు పెడుతున్నాయి. ఎవరో పెంచలేక వదిలేసినవే.

కాగితాల సంగతి ఒకటుంది. 2022లో, అరుదైన ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం కింద, బ్లాక్ డైమండ్ అనే రకంతో సహా ఏడు రకాల మంచినీటి రేలని రెండో జాబితాలోకి తెచ్చారు. మన దేశంలో 2024 నుంచి, వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్‌లో ఉన్న విదేశీ ప్రాణులు ఇంట్లో ఉంటే, వాటికి పిల్లలు పుట్టినా, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మీ జాతి అందులోకి వస్తుందో లేదో అటవీ శాఖ ఆఫీసులో అడగండి. కొన్నప్పటి బిల్లు ఉంటే భద్రంగా పెట్టుకోండి.

ఇవాళ రాత్రికి మీకున్న పని మూడే: సక్కర్‌ని తీయడం, అడ్డు పెట్టడం, పావు వంతు నీళ్లు మార్చడం. మామయ్యగారి కిట్ వచ్చాక అమ్మోనియా అంకె, పీహెచ్ అంకె రాసి పంపండి. నాలుగు రోజుల తర్వాత వీపు మచ్చల్ని ఇదే పక్కనుంచి, ఇదే దూరం నుంచి ఫోటో తీయండి. అవి పెరగకుండా ఆగితే నా అనుమానం సక్కర్ మీద నిజమైనట్టు. ఆగకపోతే వెంటనే ఫోన్ చేయండి, ఉత్తరం రాస్తూ కూర్చోకండి.